బీ రకం

నాలుగోసారి ఆగిపోయింది,
శుభలేఖలో పెళ్లికొడుకు పేరు కొడుతుండగా.
'చిరంజీవి' దాకా వచ్చి
నీలం.

మహారాణిపేటలో నా డీటీపీ షాపు
ఆరడుగుల వెడల్పు, సముద్రానికి నాలుగు వీధులు.
ఇక్కడ షట్టరుకి ఏటా రంగు వెయ్యాలి,
కుట్టుసూదిని నూనెగుడ్డలో దాచుకోవాలి,
దేవుడి పటం వెనక మేకు కూడా రెండేళ్లే ఉంటుంది.
ఈ డబ్బా తొమ్మిదేళ్లు బతికిందంటే
అది దాని మంచితనం.

డాబాగార్డెన్స్‌లో మొదటి షాపు కుర్రాడు
అట్టపెట్టె తెరిచాడు.
లోపల బోర్డు కాదు,
బీచ్ రోడ్డు మీద డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి.
ఎర్రగా, ఊదాగా పాకే దీపాలు.
"జెడ్ చిప్‌సెట్ మేడమ్, ఓవర్‌క్లాక్ చెయ్యొచ్చు."

నేను కొట్టేది అద్దె అగ్రిమెంట్లు.
వాటిని ఓవర్‌క్లాక్ చేస్తే
అద్దె ఒకటో తారీకుకి ముందే పడుతుందా?
అడగలేదు.
వాడి మొహం పుట్టినరోజు మొహంలా ఉంది.

మెట్లు దిగి, సందులో, జనరేటరు వెనక
రొంగలి అప్పలసూరి బల్ల.
గోడనిండా మేకులు, మేకులకి చచ్చిన బోర్డులు,
హార్బరులో దండానికి ఆరేసిన సావిడాయల్లా.
"ఇది కాన్వెంట్ జంక్షను. నల్లదుమ్ము సూసేవా, పోర్టు బొగ్గు.
ఇది జాలారిపేట. పచ్చగా పూసింది సూడు, ఉప్పు."
ఊరి పటం మొత్తం ఆ గోడ మీద ఉంది,
ఎవరెవరు దేనివల్ల పోయారో సహా.

"అసలు చిప్‌సెట్ అంటే ఏంటండీ?"
పదిహేనేళ్లుగా ఈ యంత్రాల ముందు కూర్చుని
మొదటిసారి అడిగాను.

అతను సోల్డరింగు కడ్డీ స్టాండులో పెట్టాడు.
"పోర్టులో పైలట్ ఉంటాడు తెలుసా?
ఓడ ఆడిది కాదు. సరుకూ ఆడిది కాదు.
డాల్ఫిన్ కొండ పక్కనుంచి ఆ సన్న కాలవలోకి తెచ్చి
ఏ ఓడ ఏ బెర్తుకో, ఎవడాగాలో, ఎవడు కదలాలో సూసి
తాడునిచ్చెన దిగి ఎల్లిపోతాడు.
డిస్కు, ప్రింటరు, కీబోర్డు... అన్నీ ఓడలే తల్లీ.
పైలట్ నిద్దరోయేడనుకో..."

మిగతాది చెప్పలేదు.
నాకు ఆ నీలం గుర్తొచ్చింది.

"మరి నమ్మకమైనదేది?"
బల్లకింద నుంచి మట్టిరంగు పెట్టె తీశాడు.
"బీ రకం. వచ్చి ఏడాదిన్నరైంది.
మొదట్లో జనం తిట్టేరు, మెమరీని గుర్తుపట్టేది కాదని.
బయోసు మూడుసార్లు మార్చేరు.
ఇప్పుడెవలూ ఏటీ అనట్లేదు."
కాసేపాగి,
"ఎవలూ ఏటీ అనకపోడమే సర్టిఫికెట్టు."

పక్కన నడుస్తున్న అలాంటిదాని మీద
చెయ్యి పెట్టి చూడమన్నాడు.
పొద్దున్నుంచీ ఆపలేదట.
తాగేసిన టీ గ్లాసంత వెచ్చన.

పాత ప్రాసెసరు దీనిమీద కూర్చోదు.
పాత మెమరీ గాడిలో దిగదు.
కాగితం వెనక కూడి, ఇంకోసారి కూడి,
చిట్టీ పాడిన పదిహేడువేలూ అతని చేతిలో పెట్టాను.
గాజువాకలో చూసుకున్న కుర్చీ
వచ్చే ఏడాది.
నడుం ఏదో గొణిగింది, ఒప్పుకుంది.

"షాపు కట్టేసి నెల్లాళ్లు ఊరెల్లకు.
నడిచినన్నాళ్లూ ఒంట్లో వేడుంటాది, ఉప్పు పట్టదు.
ఆపేసినదాన్నే తింటాది ఈ గాలి."
బోర్డు గురించే అన్నాడనుకుంటాను.

పాతదాన్ని మేక్కి తగిలించి
కింద సుద్దముక్కతో రాశాడు:
మహారాణిపేట. తొమ్మిది.

సాయంత్రం పెళ్లికొడుకు పేరు పూర్తయింది,
సన్యాసినాయుడు.
పెళ్లికూతురు, ముహూర్తం, విందు, కల్యాణమండపం దారి,
ఎక్కడా ఆగలేదు.
అయినా ప్రతి అక్షరం తర్వాతా
సేవ్ నొక్కుతూనే ఉన్నాను.

బోర్డు మారింది.
ఈ వేళ్లకి ఇంకా
ఎవరూ చెప్పలేదు.